మంచిదే అన్న ఇనుము

విశాఖపట్నంలో ఇల్లు కట్టుకునేవాడు ముహూర్తానికి ఎవర్ని అడిగినా అడక్కపోయినా, ఇనుము కొనే ముందు మాత్రం ఒక ప్లాంటు మనిషిని వెంటబెట్టుకుపోతాడు. సముద్రం పక్కన పుట్టినవాడికి చేప మొప్ప చూడ్డం వచ్చినట్టు, స్టీలుప్లాంటు గేటు దాటి లోపలికెళ్ళినవాడికల్లా ఇనుము చూడ్డం వచ్చేస్తుందని ఈ ఊరి నమ్మకం. లోపల అతను క్యాంటీన్లో గిన్నెలు తోమాడా, రోడ్ల పక్కన గడ్డి పీకాడా అని ఎవరూ అడగరు. ఆ మనిషి వచ్చి ఊచని ఒకసారి నిమిరి, కొస ఎత్తి కింద పడేసి, మోత విని "మంచిదే" అనాలి. ఆ మాట పడితే ఇంక ఆ ఇల్లు నూరేళ్ళు నిలబడ్డట్టే.

గవర్రాజు అలాంటి ప్లాంటు మనిషి. పదకొండేళ్ళు లోపల కాంట్రాక్టు మీద పనిచేసి, ఆ కాంట్రాక్టు కాస్తా పోయాక కూర్మన్నపాలెం అవతల ఒక చిన్న రోలింగు మిల్లులో చేరాడు. మిగతావాళ్ళ సంగతి ఎలా ఉన్నా ఇతనికి మాత్రం ఇనుము నిజంగానే తెలుసు. తెలియబట్టే ఆ పొద్దున్న వడ్లపూడిలో, హుస్సేన్ బాషా కట్టుకుంటున్న ఇంటి సెంట్రింగు చెక్కల మీద నిలబడి, కాళ్ళ కింద అల్లి ఉన్న ఊచల వంక చూడలేక పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టల్ని చూస్తున్నాడు. ఇంకో అరగంటలో స్లాబు వేస్తారు.

హుస్సేన్ బాషాకి పూర్ణా మార్కెట్ వెనక సందులో టార్పాలిన్లు కుట్టే దుకాణం ఉంది. పోర్టు నుంచి బొగ్గు తోలే లారీల మీద కప్పేవి. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడు గవర్రాజు ఇంటి రేకులు లేచిపోయి ఎక్కడ పడ్డాయో కూడా తెలీలేదు. గాజువాకలో పైన కప్పుకునే పట్టా అన్నది దొరక్క, కూలిన చెట్లు దాటుకుంటూ అంత దూరం వెళ్ళి, తడిసిన బట్టలతో ముక్కూమొహం తెలీని ఆ దుకాణం ముందు నిలబడ్డాడు. పాతదేదైనా ఉంటే ఇప్పించమన్నాడు. హుస్సేన్ బాషా కొత్తది తీసి స్కూటరు మీద పెట్టుకుని, తనూ వచ్చి, గోడెక్కి తాళ్ళు బిగించి కట్టి, వీళ్ళ పొయ్యి మీద కాచిన టీ తాగి వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఒకరికొకరు బావ. మతాలు వేరైనవాళ్ళు బావా అంటే బావా అని పిలుచుకుంటుంటే ఈ ఊర్లో ఎవరూ తల తిప్పి కూడా చూడరు.

అలాంటి బావ రెండు నెలల కిందట గవర్రాజుని గాజువాక ఇనుము కొట్టుకి తీసుకెళ్ళాడు.

"నువ్వు సూసి మంచిదంటే తీసుకుంటాను బావా. లేదంటే ఎనక్కి ఎలిపోదాం. ఆడు ఎంత సెప్పినా నాను ఇన్ను," అన్నాడు.

గవర్రాజు వంగి ఊచ మీద చెయ్యి వేశాడు. వేలి కింద 'మహాబల' అన్న పేరు తగిలింది. టీవీలో, బస్సుల వెనక, క్రికెట్ గ్రౌండులో కనపడే పెద్ద కంపెనీ పేరు. దాని పక్కనే సర్కారువారి నాణ్యత గుర్తు. ఆ అక్షరాలు తగలగానే అతని చెయ్యి అక్కడే ఆగింది. అవి అతను చెక్కినవే.

మిల్లులో అతని పని అదే. ఎర్రగా కాలిన ఇనుము తిరిగే రెండు ఉక్కు రోలర్ల, అంటే రోళ్ళ మధ్య నుంచి ఊచై బయటికొస్తుంది. రోలు మీద ఏ అక్షరాలు చెక్కి ఉంటే ఆ అక్షరాలే ఊచ మీద ఉబ్బుతాయి. అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. అందరికీ రాదు ఆ పని. మన మిల్లు పేరు ఎవడు కొంటాడు, మహాబల అని చెక్కు అన్నాడు మేనేజరు అర్జునరావు. గవర్రాజు చెక్కాడు. ఎందుకు చెక్కావురా అని అడిగితే ఉద్యోగం అన్న ఒక్క మాట తప్ప అతని దగ్గర వేరే జవాబు లేదు. నలభై ఏడేళ్ళవాడికి ఇంకో మిల్లు గేటు తెరవదు.

కొట్టులో, సరుకు బాకీ వసూలుకొచ్చిన ఆ అర్జునరావే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు అంచు మీద నుంచి గవర్రాజుని చూశాడు.

"మంచిదే బావా," అన్నాడు గవర్రాజు.

దొంగపేరైతేనేం, ఇనుము ఇనుమే కదా అని ఇన్నాళ్ళూ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. మొన్న మిల్లులో లారీ ఎక్కిస్తుంటే ఒక కట్ట జారి కింద పడింది. అందులో ఒక ఊచ ముల్లంగి విరిగినట్టు టప్పున రెండు ముక్కలైంది. విరిగిన చోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది. మంచి ఇనుము వంగుతుంది, సాగుతుంది, చచ్చినా అలా విరగదు. గవర్రాజు ఆ ముక్క తీసుకుని అర్జునరావు దగ్గరికి పరిగెత్తాడు.

"తుక్కులో తేడా వచ్చిందిరా. రెండు నెలల నించీ కొంత మాలు అలాగే ఎల్తంది. గాజువాకకీ ఎల్లింది," అన్నాడు అర్జునరావు, ఫోనులోంచి తలెత్తకుండా. "అయితే ఏటి? సిమెంట్లో పడ్డాక ఇనుము ఎవుడికి కనపడతాది?"

ఆ మాట గవర్రాజుని తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. నిన్న మధ్యాహ్నం ఆ విరిగిన ముక్కని సంచిలో పెట్టుకుని, నాణ్యత గుర్తులు చూసే సర్కారీ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి అధికారి శ్రీసత్య ముప్పై దాటని అమ్మాయి. అతను చెప్పిందంతా విని, ఆ ముక్కని సొరుగులో పెట్టి, లేచి తలుపు వేసి వచ్చి కూర్చుంది.

"రేపు ఉదయం ఎనిమిదింటికి మిల్లు మీదికి వెళ్తున్నాం. ఈలోగా మీ నోట్లోంచి ఒక్క మాట బయటికొచ్చినా సరుకంతా మాయమైపోతుంది. ఇంట్లో కూడా చెప్పకండి."

"రేపు తొమ్మిదింటికే మా బావ ఇంటి స్లాబండి. ఆ ఇనుమేనండి. మీరొచ్చి ఆపించెయ్యండి మేడమ్."

"ఒకరు సొంత ఇల్లు కట్టుకుంటుంటే ఆపమనే అధికారం నాకు లేదు. కొన్న మనిషి ఫిర్యాదు ఇస్తే వచ్చి తీరతాను. మిల్లుకి సీలు వెయ్యగానే మీకు ఫోన్ చేస్తాను. అప్పుడు చెప్పండి ఆయనకి. తొమ్మిది లోపే అయిపోతుంది."

గవర్రాజు నోరు మూసుకున్నాడు. ఉన్నమాట చెప్పాలంటే, ఆ ఆంక్ష అతనికి కలిసొచ్చింది. మిల్లు మూసేశారట బావా, ఇనుము దొంగదట, స్లాబు ఆపించు అంటే సరిపోతుంది. అక్షరాలు ఎవరు చెక్కారో, ఆ కొట్టులో ఎవరికేం తెలుసో చెప్పే అవసరమే రాదు. ఒక దెబ్బకి రెండు పిట్టలు అనుకున్నాడు పాపం.

చెక్కల మీద నిలబడి ఉండగానే తొమ్మిదైంది. ఫోను మోగలేదు. తొమ్మిదింబావుకి తనే చేశాడు. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. కింద మిల్లరు మిషను గుర్రుమని తిరగడం మొదలెట్టింది. ఇసుకా కంకరా సిమెంటూ అందులో కలుస్తున్నాయి. హుస్సేన్ బాషా భార్య చాంద్ సుల్తానా ఫాతెహా ప్రార్థన చదివించిన మలీదా తీపిని అందరి చేతుల్లోనూ కొంచెం కొంచెం పెడుతోంది. కూలీలకి వండే బిర్యానీ డేగిసా గోడ పక్కన పొగలు కక్కుతోంది. అందరూ సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషం చూస్తుంటే గవర్రాజుకి అక్కడి నుంచి దూకేయాలనిపించింది.

హుస్సేన్ బాషా నిచ్చెనెక్కి పైకి వచ్చాడు. కొత్త లుంగీ, తలకి తువ్వాలు, ముఖం నిండా నవ్వు. కూలీ చేతిలోంచి మొదటి తట్ట అందుకుని తీసుకొచ్చి గవర్రాజు చేతుల్లో పెట్టాడు.

"మొదటి తట్ట నువ్వే ఎయ్యాల బావా. ఇనుము నువ్వు సూసిందే గదా."

గవర్రాజు ఆ తట్ట పట్టుకుని నిలబడ్డాడు. తట్ట మెల్లగా చెక్క మీద దించేశాడు.

"ఆపించు బావా."

"ఏటి ఆపించీది?"

"స్లాబు. ఇయ్యాల వొద్దు. ఈ ఇనుము బాలేదు."

హుస్సేన్ బాషా నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. గవర్రాజు మొహం చూశాక ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు.

స్లాబు మేస్త్రి చంటి ముందుకొచ్చాడు. యాభై అయిదేళ్ళ మనిషి, మనవలు కూడా ఉన్నారు, అయినా ఊరంతా చంటి అనే పిలుస్తుంది. "ఏటండీ ఈ కత? మిల్లర్లో మాలు కలిపీసినాక ఇనుము బాలేదంటారేటి? గంటలో రాయైపోద్ది. రెండు నెల్ల నించీ ఏటి సేత్తన్నారు మీరు?"

"నీకెలా తెలిసింది బావా?" అన్నాడు హుస్సేన్ బాషా.

"ఎవులో... సెప్పినారు."

"ఎవులు?"

గవర్రాజు మళ్ళీ పక్కింటి డాబా వైపు తిరిగాడు. హుస్సేన్ బాషా ఫోను తీసి గాజువాక కొట్టుకి కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు. కొట్టతను తాపీగా అన్నాడు: "మా మాట మీద కొన్నారేటండీ మీరు? మీ బావగారే గదా నిమిరి సూసి మంచిదే అన్నారు. ఆయన్నే అడగండి."

ఫోను ఆగింది. అందరి చూపూ గవర్రాజు మీద పడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. అతనికి ఆ రెండూ తను తవ్వుకున్నవే.

"సూపిత్తాను. ఇరిచి సూపిత్తాను," అంటూ కిందికి పరిగెత్తాడు. కోసిపారేసిన ఊచ ముక్కలు ఓ పక్క కుప్పగా ఉన్నాయి. ఒకటి తీసి, ఊచలు వంచే బల్లకి బిగించి, ఇనప పట్టుకర్రతో బలమంతా పెట్టి వంచాడు. ఊచ గుండ్రంగా, బుద్ధిగా వంగింది. ఎక్కడా పగల్లేదు. రెండోది తీశాడు. అదీ వంగింది. మూడోది వంచేసరికి చెమట కళ్ళలోకి దిగింది. అదీ అంతే. పైన కూలీలెవరో కిసుక్కున నవ్వారు. ఏ ఊచ మంచిదో ఏది కాదో తెలీదు, తెలీకపోవడమే అసలు భయం అని అరిచి చెప్పాలనుకున్నాడు. మూడు ఊచలు మంచివని చూపించినవాడి మాట ఎవరు వింటారు?

చాంద్ సుల్తానా దగ్గరికొచ్చింది. చేతిలో మలీదా పళ్ళెం అలాగే ఉంది.

"భయ్యా, నెలాకరికి అద్దిల్లు కాళీ సెయ్యమన్నారు. తలుపుల్లేకపోయినా పర్లేదు, నెత్తి మీద కప్పుంటే వచ్చీద్దాం అనుకున్నాం. నా వల్ల ఏదైనా తప్పైతే నన్ను అనండి. ఇంటిని అనకండి."

గవర్రాజు చేతులు జోడించాడు. ఫోను తీసి మళ్ళీ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది.

"ఎయ్యండ్రా!" అని చంటి కేకేశాడు. మెట్టుకొకడు నిలబడ్డ కూలీల చేతుల మీదుగా తట్టలు పైకెక్కాయి. మూల నుంచి మొదలెట్టారు. గవర్రాజు నిచ్చెనెక్కి వచ్చేసరికి పరుపంత మేర ఊచలు మూసుకుపోయాయి. బూడిదరంగు బురద, దాని కింద ఏముందో ఇంక ఎవరికీ తెలీదు. ఎవుడికి కనపడతాది అన్న అర్జునరావు మాట నిజమైపోతోంది, తన కళ్ళ ముందే, తట్ట తర్వాత తట్ట.

అతను నడుచుకుంటూ మధ్యకి వెళ్ళి ఊచల అల్లిక మీద వెల్లకిలా పడుకున్నాడు. రెండు చేతులతో రెండు ఊచల్ని పట్టుకున్నాడు.

కూలీలు ఆగిపోయారు. చంటి తిట్టిన తిట్లు రాయడానికి వీల్లేదు. ఇద్దరు వచ్చి కాళ్ళు పట్టి లాగారు. ఊచలు వీపుకి గీసుకుని చొక్కా చిరిగింది గానీ వేళ్ళు వదల్లేదు. ఒకడు భయపెట్టడానికని తట్టెడు మాలు కాళ్ళ మీదే పోశాడు. చల్లగా, బరువుగా పాదాల్ని కప్పింది. హుస్సేన్ బాషా వాళ్ళని తోసేసి తనే వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, కోపంతోనే.

"లే బావా. నీకు దణ్ణం ఎడతాను, లే. నా ఇల్లు ఇది. నాను నీకు ఏం అన్యాయం సేసినాను? ఎవులు సెప్పినారో సెప్పవు, ఇరుగుతాదంటావు, ఇరగదు. ఏటి నమ్మమంటావు నన్ను?"

గవర్రాజు కళ్ళు మూసుకున్నాడు. ఇంక దాక్కోవడానికి చోటు లేదు.

"ఎవులూ సెప్పలేదు. ఆ అచ్చరాలు సెక్కింది నానే బావా."

"ఏటి?"

"ఇది మహాబల కాదు. మా మిల్లు ఇనుము. ఆ పేరు నానే రోలు మీద సెక్కినాను. సూడకుండా సెప్తన్నాను, మీరు సూస్కోండి. ఇంగిలీసులో ఎనిమిది అచ్చరాలుంటాయి. ఆకరి 'ఏ' సూడండి. దాని అడ్డగీత పక్కకి జారి బైటికొచ్చీసుంటాది. ఆయేళ నా సేతిలో ఉలి జారింది. రోలు తిరిగినప్పుడల్లా అదే తప్పు పడతాది. మీటరుకి ఓపాలి. ఏ ఊచైనా సూడండి."

చివరికి చంటే వంగాడు. తువ్వాలుతో ఒక ఊచని తుడిచి, కళ్ళజోడు పైకి తోసి, దగ్గరగా చూశాడు. మీటరు దూరం మోకాళ్ళ మీద పాకి మళ్ళీ చూశాడు. పక్క ఊచ చూశాడు. ఇంకోటి. అందరూ అతని వీపునే చూస్తున్నారు. ఏడో ఊచ దగ్గర ఆగి, లేవకుండానే కిందికి కేకేశాడు.

"మిల్లరాపండ్రా."

మిషను ఆగాక గోడ పక్కన బిర్యానీ కుతకుతమనడం పైకి వినపడింది. హుస్సేన్ బాషా అలాగే మోకాళ్ళ మీద ఉన్నాడు.

"కొట్టుకాడ నాను అడిగినప్పుడు... తెలుసా నీకు?"

"పేరు దొంగదని తెలుసు. ఇరుగుతాదని మాత్రం మొన్నే తెలిసింది."

హుస్సేన్ బాషా తల ఊపాడు. రెండో మాట అతని చెవికి ఎక్కినట్టు లేదు. లేచి, లుంగీ దులుపుకుని, నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు.

గవర్రాజు ఫోన్లు చూసుకుని శ్రీసత్య వచ్చేసరికి పదకొండున్నర దాటింది. మిల్లు దగ్గరికి పోలీసులు ఆలస్యంగా వచ్చారట, సోదా జరుగుతున్నంత సేపూ ఫోన్లు పక్కన పెట్టేశారట. ఆమె చెప్పులు విప్పి నిచ్చెనెక్కి, మూల గట్టిపడిపోయిన సిమెంటునీ, మధ్యలో ఊచల మీద అంటిన నెత్తురునీ, కాళ్ళు కడుక్కోకుండా కూర్చున్న గవర్రాజునీ చూసింది. హుస్సేన్ బాషా ఫిర్యాదు ఇస్తానన్నాడు. ఆమె మనుషులు నాలుగు చోట్ల ఊచలు కోసి గుడ్డలో చుట్టి లక్క సీలు వేశారు. మిగతా అల్లికంతటికీ చీటీలు కట్టారు.

"ల్యాబు రిపోర్టు వచ్చి, కోర్టు సరేననేదాకా ఇందులో ఒక్క ఊచ కూడా కదపకూడదండి. ఇప్పుడిది సాక్ష్యం," అంది.

"మరి ఇల్లమ్మా?" అంది చాంద్ సుల్తానా.

"అది కూడా అంతవరకూ ఇలాగే ఉండాలమ్మా."

"ఎన్నాళ్ళు?"

శ్రీసత్య అబద్ధం చెప్పే మనిషి కాదు. "నెలలు పట్టొచ్చు. ఎక్కువే పట్టొచ్చు," అంది మెల్లగా. చాంద్ సుల్తానా మలీదా పళ్ళెం మీద కొంగు కప్పింది. కూలీలు మిల్లర్లో గడ్డకట్టిన మాలుని పగలగొట్టి రోడ్డు వారకి ఎత్తిపోస్తున్నారు. వండిన బిర్యానీ వంక ఎవరూ చూడ్డం లేదు. కప్పు కూలి నెత్తి మీద పడకుండా కాపాడాననుకున్న గవర్రాజు, అసలు కప్పే లేకుండా చేశాడు. చెడ్డ పని చేసినప్పుడు ఇంత నొప్పి లేదు, మంచి పని చేసినప్పుడే ప్రాణం పోతోంది. పిలిస్తే వచ్చే చావైతే పిలిచేవాడే.

కింద బోర్లించిన తట్ట మీద హుస్సేన్ బాషా, ఎదురుగా ఇటుకల మీద గవర్రాజు కూర్చున్నారు. శ్రీసత్య ఫిర్యాదు కాగితం అట్ట మీద పెట్టి ఒక్కొక్కటే అడుగుతూ నింపుతోంది. కొట్టు పేరు, కొన్న రోజు, బిల్లు. ఒక గడి దగ్గర ఆగింది.

"సరుకు అసలైనదని మిమ్మల్ని నమ్మించింది ఎవరు? కొట్టువాళ్ళా, ప్రకటనా, వేరే మనిషా?"

హుస్సేన్ బాషా ఆ గడి వంకే చూస్తున్నాడు. ఆమె ఒకసారి గవర్రాజు వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఆయన మిల్లు కేసులో ఎలాగూ ఉన్నారు. చెక్కానని రాసి ఇచ్చారు. ఇక్కడ కూడా పేరు పడితే ఇంకో కేసవుతుంది. ఈ గడి వదిలేసినా మీ ఫిర్యాదు చెల్లుతుంది. మీ ఇష్టం."

గవర్రాజు తల ఎత్తలేదు. వదిలేస్తాడని ఆశపడ్డాడు. ఆశపడ్డందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే మళ్ళీ ఆశపడ్డాడు.

"పెన్ను ఇలా ఇవ్వండి మేడమ్. నానే రాత్తాను," అన్నాడు హుస్సేన్ బాషా.

కాగితం ఒళ్ళో పెట్టుకుని మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. గవర్రాజు అని రాసి ఆగాడు. అంతకు మించి అతనికి తెలీదు. ఇన్నేళ్ళూ బావ అన్న మాటతోనే సరిపోయింది. నిచ్చెన దిగాక మొదటిసారి తలెత్తి గవర్రాజుని చూశాడు.

"మీ ఇంటిపేరు ఏటండీ?"

గవర్రాజు చెప్పాడు. తల దించుకునే చెప్పడంతో మాట సరిగ్గా వినపడలేదు. హుస్సేన్ బాషా పెన్ను కాగితం మీదే ఉంచి, ఇంకోసారి చెప్పండి అన్నాడు.